గ్రానైటు పలక – కొన్ని అపోహలు

వంశధారా నదీతీరమునందలి శ్రీముఖలింగము శిల్పసంపదకు పేరొందిన క్షేత్రము. తూర్పు గాంగుల కాలమున వెలసిన అచ్చటి మధుకేశ్వరాది రాతి ఆలయములు శతాబ్దములు గడచినను నిలిచియున్నవి. అట్టి కట్టడములను నిత్యము చూచు జనులకు రాయి చెడదను నమ్మకము కలుగుట సహజము. అదే జిల్లాలోని టెక్కలి పరిసరముల గనులలో నీలిఛాయగల గ్రానైటు లభించుచున్నది. నేడు క్రొత్త యిల్లు కట్టుకొనువారు కూడబెట్టిన సొమ్ము వెచ్చించి వంటగట్టుపై గ్రానైటు పలకను పరపించుచున్నారు. పలకతోపాటు ఆ నమ్మకము కూడ వంటయింట ప్రవేశించినది.

గ్రానైటునకు మరక పట్టదనుట మొదటి అపోహ. భూగర్భమున శిలాద్రవము మెల్లమెల్లగా చల్లారగా, పలుగురాయి, ఫెల్డ్‌స్పారు, అభ్రకము మున్నగువాని కణములు పెనవైచుకొని గ్రానైటు ఏర్పడును. ఆ కణముల నడుమ కంటికి కానరాని సందులుండును. మేలురకపు రాయి పీల్చు నీరు దాని బరువులో నూటికి 0.4 పాళ్లకు మించదు. అది స్వల్పమే, కాని నూనెచుక్క మచ్చయై నిలుచుటకు అంత చాలును. ఆలయములలో దీపములు వెలిగించుచోట రాయి నూనె త్రాగి నల్లబడుట ఎల్లరు ఎరిగినదే. మెరుగుపెట్టుట వేరు, సందులు మూయు లేపనము పూయుట వేరు. అద్దమువలె మెరయు పలకకు లేపనమేల యని యనుకొనరాదు. పలకపై నాలుగు నీటిచుక్కలు వేసి, పావుగంటకు తుడిచి చూడవలెను. ఆచోట రంగు ముదిరినచో రాయి నీటిని పీల్చుచున్నదన్నమాట. అప్పుడు లేపనము పూయింపవలెను.

చింతపండు పులుసు తగిలిన గ్రానైటు పాడగునని భయపడువారు కలరు. ఆ భయము చలువరాతి విషయమున న్యాయమే. అది సున్నపు జాతి రాయి గనుక పులుపు తగిలిన మెరుపు కోల్పోవును. గ్రానైటునకు సాధారణముగా ఆ బాధ లేదు. అయితే అంగడిలో నల్ల గ్రానైటని అమ్మునదంతయు గ్రానైటు కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరకు మిలమిలలాడు నల్లరాయి శాస్త్రరీత్యా గాబ్రో జాతిది. వర్తకులు పెట్టిన పేరే లోకమున నిలిచినది.

పలకపైననే కూరలు తరిగిన గీతలు పడునని మరికొందరందురు. పలుగురాతి కాఠిన్యము మోస్ కొలతలో 7. వంటకత్తి ఉక్కుది ఇంచుమించు 5.5. కనుక అరుగునది కత్తియే. రాతిపై కనబడు బూడిదరంగు గీత పెక్కుసార్లు కత్తి విడిచిన లోహమే. కత్తిపీట వాడు ఇంట ఈ చిక్కే లేదు!

గ్రానైటునుండి రేడాన్ అను హానికర వాయువు వెలువడునను వదంతి యొకటి కలదు. రాతిలో లేశమాత్రముగా నుండు యురేనియమునుండి రేడాన్ పుట్టుట నిజమే. కాని ఇండ్లలో చేరు రేడాన్ చాలవరకు నేలనుండియే వచ్చును. గాలి యాడు వంటయింట పలకవలన చేరునది అత్యల్పము.

మచ్చపడిన పలకను గచ్చు కడుగు ఆమ్లముతో తోమినచో మచ్చ పోకపోగా మెరుపు చెడవచ్చును. వంటసోడాను నీటితో ముద్దచేసి, నూనెమచ్చపై దట్టముగా పట్టించి, ప్లాస్టిక్కు కాగితము కప్పి ఒక దినముంచవలెను. పిదప కాగితము తీసి ఆరనిచ్చినచో ముద్ద నూనెను పైకి లాగును. పాత మచ్చయైనచో రెండుమూడు మార్లు చేయవలసియుండును.