ముళ్ళు లేచాకే కొండెక్కిన బస్సు

దోర్నాల: ఇంజను రీబోరు చేయించినదే. టైర్లు బాగున్నాయి. సీట్ల గుడ్డలు కూడా కొత్తవి. కాని డ్రైవరు ముందున్న పలకలో ఐదు మీటర్లుంటే, ఐదింటి ముళ్ళూ పడుకునే ఉండేవి. ఏడాదిన్నర పాటు ఆ బస్సు అలాగే పెళ్ళిళ్ళకు తిరిగింది, మిరపకోత కూలీలను మోసింది.

దోర్నాలకు కొద్ది దూరంలో ఉన్న ఒక ఊరిదా బస్సు. యజమానే డ్రైవరు. పేరు రాయవద్దన్నాడు కనుక రాయడం లేదు. పాత బస్సును తక్కువ ధరకు కొన్నాడు. దాని ఇంజను అప్పటికే పని అయిపోయింది. పట్నంలో ఒక షెడ్డు వారు లారీ ఇంజనును, దాని గేరు పెట్టెతో సహా తెచ్చి ఇందులో కూర్చోబెట్టారు. ఆర్సీలో కొత్త ఇంజను నంబరు కూడా ఎక్కింది. భార్య మెడలో గొలుసు ఇప్పటికీ బ్యాంకులోనే ఉంది.

షెడ్డు వారు ఇంజను నడిచేలా చేశారు గాని మీటర్ల జోలికి పోలేదు. లారీ వైర్ల రంగులు వేరు, బస్సు వైర్ల రంగులు వేరు. ఏది దేనికో తెలియక, మిగిలిన వైర్లన్నీ కట్టగా చుట్టి టేపు వేసి వదిలేశారు. "బండి నడుస్తోంది కదా, ముళ్ళతో నీకేం పని?" అన్నారట.

కర్రతో డీజిలు, చెవితో గాలి

పెట్రోలు బండికి కరెంటు పోతే బండి ఆగిపోతుంది. పాతకాలపు పంపు ఉన్న డీజిలు ఇంజను అలా కాదు. ఒకసారి అందుకుంటే బ్యాటరీ తీసేసినా తిరుగుతూనే ఉంటుంది. అందుకే డీజిలు బండ్లలో కరెంటు రోగాలను ఎవరూ పట్టించుకోరు. ఆ నిర్లక్ష్యానికి మొదట బలయ్యేవి మీటర్లే.

ఇంజన్లు మార్చుకోవడం మన బస్సులకు కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులకు బొగ్గు గ్యాసు పొయ్యిలు బిగించి నడిపారు. పెద్దవాళ్ళు ఇప్పటికీ బొగ్గు బస్సుల కబుర్లు చెబుతారు. తరువాత చాలా పెట్రోలు బండ్లకు డీజిలు ఇంజన్లు వేశారు. అప్పుడు కూడా తిప్పలు ముళ్ళ దగ్గరే వచ్చి ఉంటాయని నా అనుమానం.

మన డ్రైవరు డీజిలును వేపకర్రతో కొలిచేవాడు. టాంకులో ముంచి తడి ఎంతవరకు ఉందో చూసేవాడు. ఇంజను వేడిని వాసన బట్టి, వేగాన్ని చెట్ల బట్టి, బ్రేకు గాలిని తుస్సుమనే చప్పుడు బట్టి అంచనా వేసేవాడు. 2024 వానాకాలంలో ఒక రాత్రి కర్ర ముంచడం మరచిపోయాడు. పెళ్ళివారితో బస్సు దారిలో ఆగింది. డీజిలు తెచ్చి పోసినా స్టార్టు కాదు. గొట్టాలలో గాలి పట్టింది. చేతిపంపు కొడుతూ, స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా ఆ గాలి తీసేసరికి ముహూర్తం దాటేలా ఉంది. పెళ్ళికొడుకు మేనమామ ఆటోలో వెళ్ళి, పంతులుగారిని ఆగమని బతిమాలుకోవాల్సి వచ్చింది.

అయినా మీటర్లు బాగు చేయించలేదు. బాగు చేయించింది వాళ్ళమ్మ. 2025 ఫిబ్రవరి 26న శివరాత్రి. ఊరివాళ్ళు శ్రీశైలానికి ఈ బస్సే మాట్లాడుకున్నారు. దోర్నాల దాటితే యాభై కిలోమీటర్ల దాకా అడవి, ఘాటు, మలుపులు. "ముళ్ళు లేని బస్సులో నేను కొండెక్కను. నన్ను చూసి ఇంకెవరూ ఎక్కరు" అని ఆమె అరుగు మీద కూర్చుని చెప్పేసింది.

వేడెక్కిన ఎక్స్‌లేటరు వైరు

పక్క ఊళ్ళో ఒక ఎలక్ట్రీషియను ఉన్నాడు. బస్సు డిపోలో చేసి రిటైరైన మనిషి. అందరూ మేస్త్రీ అంటారు. ఆయన వేపచెట్టు కింద మూడు రోజులు ఆ బస్సుతో గడిపాడు. ఈ విలేకరి రెండు రోజులు అక్కడే ఉన్నాడు.

మేస్త్రి మొదట బ్యాటరీలు చూశాడు. పెద్ద బస్సులకు పన్నెండు వోల్టులవి రెండు కలిపి ఇరవై నాలుగు వోల్టులు వాడతారు. పాటల డబ్బాకు ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగి ఉంది. దాంతో ఒకటి నీరసించి, రెండోది ఎక్కువ ఉడుకుతోంది. ఆ వైరును అక్కడికక్కడే కోసేశాడు.

తరువాత టేపు విప్పి ఒక్కొక్క వైరునూ ఇంజను దాకా వెతుక్కుంటూ వెళ్ళి కలిపాడు. తాళం తిప్పితే ముళ్ళు లేచాయి. కాని హెడ్ లైట్లు వేయగానే అన్నీ కలిసి గంతులేశాయి. హారను కొడితే మళ్ళీ గంతు. అప్పుడు మేస్త్రి ఒక ప్రశ్న వేశాడు. "ఏం అల్లుడూ, పొద్దున్నే సెల్ఫు కొట్టినప్పుడు ఎక్స్‌లేటరు వైరు వేడెక్కుతుందా?"

డ్రైవరు నోరు తెరిచాడు. నిజమే, వేడెక్కుతుందట. సెల్ఫు నీరసంగా తిరుగుతోందని ఆర్నెల్ల కిందట బ్యాటరీలు కూడా మార్చాడట.

రోగం ఎర్తులో ఉంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. అందుచేత ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య లావుపాటి ఎర్తు పట్టీ ఒకటి ఉండి తీరాలి. షెడ్డులో ఇంజను మార్చినప్పుడు ఆ పట్టీ తిరిగి వేయలేదు. సెల్ఫు లాగే కరెంటంతా వేరే దారి లేక సన్నని ఎక్స్‌లేటరు వైరు గుండా తిరిగి వస్తోంది. డైనమో కరెంటుదీ అదే దారి. ఇంజను మీద ఉండే మీటరు బిళ్ళలకు కూడా ఎర్తు అక్కడి నుంచే అందాలి గనుక దీపం వేసినప్పుడల్లా ముళ్ళు ఊగాయి. రంగు గీకి, మెరిసే ఇనుము మీద కొత్త పట్టీ బిగించాడు. ముళ్ళు నిలబడ్డాయి. సెల్ఫు చప్పుడే మారిపోయింది. బ్యాటరీలకు పోసిన డబ్బు గుర్తొచ్చి డ్రైవరు చాలాసేపు మాట్లాడలేదు.

గిన్నెలో బిళ్ళ

మిగిలిన తప్పులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. తాళం తిప్పగానే, చల్లటి ఇంజను మీద, వేడి ముల్లు ఎర్రగీత దాటింది. మేస్త్రి బిళ్ళ వైరు పీకాడు. ముల్లు కిందికి పడింది. అంటే మీటరు మంచిదే, వైరు మంచిదే. బిళ్ళ ఈ మీటరుకు జత కాదు. ఈ బిళ్ళలో వేడి పెరిగేకొద్దీ కరెంటుకు అడ్డు తగ్గుతుంది. ఎంత వేడికి ఎంత అడ్డు అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. లారీ బిళ్ళకు బస్సు మీటరు కడితే వచ్చే అంకె అబద్ధమే.

ఒంగోలు నుంచి జత బిళ్ళ తెప్పించారు. బిగించే ముందు మేస్త్రి టీ కొట్టు నుంచి గిన్నె అరువు తెచ్చి నీళ్ళు కాచాడు. బిళ్ళ కొసను నీళ్ళలో ముంచి, ఒంటికి ఎర్తు వైరు చుట్టి, మీటరు చూడమన్నాడు. నీళ్ళు మరిగేకొద్దీ ముల్లు పైకి లేచింది. మరుగుతున్నప్పుడు అది నిలిచిన చోట అద్దం మీద చిన్న చుక్క పెట్టాడు. ఒక హెచ్చరిక కూడా చేశాడు. రేడియేటరులో నీళ్ళు మొత్తం కారిపోతే బిళ్ళ గాలిలో ఉండిపోయి, ఇంజను మాడుతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. వేడి మీదున్న ముల్లు హఠాత్తుగా పడిపోయిందంటే సంతోషించకుండా బండి ఆపి చూడాలి.

ఆయిలు ప్రెషరుది మరో తిరకాసు. లారీ ఇంజనుకు ఉన్నది దీపం వెలిగించే స్విచ్చి మాత్రమే. అది ఉందో లేదో చెబుతుంది గాని ఎంత ఉందో చెప్పదు. బస్సు మీటరుకు ఎంత ఉందో చెప్పే బిళ్ళ కావాలి. ఒకే రంధ్రానికి మూడు మూతుల ఇత్తడి ముక్క వేసి రెండూ బిగించారు. ఇప్పుడు దీపమూ ఉంది, ముల్లూ ఉంది. ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరిగేటప్పుడు ఈ ముల్లు కొంత దిగడం మామూలే. తొక్కినా లేవకపోతే మాత్రం వెంటనే ఇంజను ఆపెయ్యాలి. బేరింగులు పట్టేయడానికి నిమిషాలు చాలు.

డీజిలు ముల్లు మాత్రం ఎప్పుడూ ఖాళీయే చూపేది. టాంకు మూత విప్పే ముందు మేస్త్రి బ్యాటరీ వైరు తీయించి, చుట్టూ చేరిన బీడీల వాళ్ళను చెట్టు అవతలికి పంపాడు. లోపలి ఇత్తడి బుడ్డికి చిల్లి పడింది. డీజిలు నిండి మునిగి కూర్చుంది. బుడ్డి మార్చి, పది లీటర్ల చొప్పున పోస్తూ ముల్లు ఎక్కడెక్కడ నిలుస్తోందో కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితం ఇప్పుడు డ్రైవరు తల మీది అద్దం పక్కన అంటించి ఉంది.

రెండు ముళ్ళలో ఒకటి దిగింది

గాలి మీటరుకు కరెంటుతో పని లేదు. గాలి టాంకు నుంచి సన్నని గొట్టం నేరుగా మీటరుకు వస్తుంది. ఆ గొట్టం సైలెన్సరుకు తగిలి కరిగితే, షెడ్డు వారు మడిచి బిరడా కొట్టేశారు. మేస్త్రి కొత్త గొట్టాన్ని వేడి తగలని దారిన వేశాడు. ఇంజను నడిపితే రెండు ముళ్ళూ ఎనిమిది కిలోల దాకా లేచాయి. అక్కడ ఎక్కువ గాలి తుస్సుమని బయటికి పోయింది.

ఇంజను ఆపించి, బ్రేకు తొక్కి పట్టమన్నాడు. ఐదు నిమిషాలు ఎవరూ కదలలేదు. ఒక ముల్లు అక్కడే ఉంది. రెండోది ఐదుకు దిగింది.

వెనుక కుడి చక్రం దగ్గర డబ్బా విప్పి చూస్తే లోపలి రబ్బరు పొర చిరిగి ఉంది. ఎంతకాలంగా చిరిగిందో ఎవరికీ తెలియదు. చదునైన రోడ్డు మీద ఇంజను తిరుగుతుంటే కంప్రెసరు ఆ లోటు నింపుతూ వచ్చింది. ఘాటు దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు తొక్కాలి. దారిలో ఇంజను ఆగితే కంప్రెసరు కూడా ఆగుతుంది. యాభై మంది ఉన్న బస్సులో ఆ ముల్లు చూపించిన సంగతి విని డ్రైవరు చెమట తుడుచుకున్నాడు. అరుగు మీద ఉన్న వాళ్ళమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి అందరికీ మజ్జిగ తెచ్చింది.

రబ్బరు పొర మార్చేసరికి మూడో రోజు చీకటి పడింది. మళ్ళీ పరీక్ష చేస్తే రెండు ముళ్ళూ కదలలేదు.

శివరాత్రి ముందురోజు తెల్లవారుజామున బస్సు బయలుదేరింది. పెద్దావిడ డ్రైవరు వెనుక సీటులోనే కూర్చుంది. ఘాటులో ప్రతి మలుపుకూ "ఎంతుందిరా?" అని అడిగింది. మొదట విసుక్కున్నా, శిఖరం దగ్గరికి వచ్చేసరికి కొడుకు అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడట. దిగేటప్పుడు రెండో గేరులోనే దింపాడు. గాలి ఆరుకు తగ్గలేదు.

ఇక వేగం మీటరు ఒక్కటే తేలవలసి ఉంది. గేరు పెట్టె లారీది, వెనుక ఇరుసు బస్సుది కావడంతో లెక్క కుదరడం లేదు. మీటరు అరవై చూపినప్పుడు కిలోమీటరు రాయి నుంచి రాయికి సరిగ్గా అరవై సెకన్లు పట్టాలి. ఈ బస్సుకు డెబ్భై పడుతోంది. అంటే అసలు వేగం యాభై ఒకటి చిల్లర మాత్రమే. ఎక్కువ చూపడం వల్ల ప్రమాదం లేదు కాబట్టి మేస్త్రి దాన్ని తరువాతకు వాయిదా వేశాడు. వేపకర్ర ఇంకా సీటు వెనుకే ఉంది. దాన్ని పారేయడానికి డ్రైవరు ఒప్పుకోలేదు.