దిక్సూచి పట్టి దారి నడవడం

భూమే ఒక పెద్ద అయస్కాంతం కాబట్టి దిక్సూచిలోని సూది ఎటు తిప్పినా మళ్లీ ఉత్తర దక్షిణాలకే సర్దుకుంటుంది. ఎర్రకొన చూపేది ఉత్తరం. మనం ఎక్కడున్నామో, ఎటు పోవాలో అది చెప్పలేదు. ఆ పని మ్యాపూ, నడిచేవారి కన్నూ కలిసి చెయ్యాలి.

స్కౌట్లు, ట్రెక్కింగ్‌కు వెళ్లేవారు ఎక్కువగా వాడేది పారదర్శకమైన పలక మీద గుండ్రటి డయల్ తిరిగే రకం. 1930లలో స్వీడన్‌లో రూపుదిద్దుకున్న నమూనా ఇది. డయల్ చుట్టూ 360 డిగ్రీల వరకు గుర్తులుంటాయి: తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. మ్యాపు మీద ఉన్న చోటినీ చేరాల్సిన చోటినీ కలిపేలా పలక అంచును ఆనించాలి. పలక మీది బాణం గమ్యం వైపే ఉండాలి, లేకుంటే సరిగ్గా వెనక్కి నడవాల్సి వస్తుంది. తరువాత డయల్ లోపలి గీతలు మ్యాపులోని ఉత్తర దక్షిణ గీతలకు సమాంతరంగా వచ్చేదాకా, డయల్‌లోని ఉత్తరం మ్యాపులోని ఉత్తరం వైపే ఉండేలా తిప్పాలి. బాణం దగ్గర 60 వచ్చిందంటే నడవాల్సింది 60 డిగ్రీల దిశలో. ఇప్పుడు దిక్సూచిని ఛాతీ ఎదుట చదునుగా పట్టుకుని, ఎర్రకొన డయల్‌లోని ఉత్తరపు గుర్తులో ఇమిడేదాకా మనిషి తిరగాలి. కొత్తవారు తాము తిరగకుండా డయల్‌ను తిప్పేస్తారు. అంతటితో తీసిన లెక్కంతా పోతుంది.

సూదినే చూస్తూ నడిస్తే తెలియకుండానే పక్కకు జరిగిపోతారు. బాణం సూటిలో ఉన్న ఒక చెట్టునో బండరాయినో గురిపెట్టుకుని అక్కడికి చేరాలి, అక్కడ మరో గురి చూసుకోవాలి. దారిలో కుంట అడ్డొస్తే కుడికి 90 డిగ్రీలు తిరిగి అడుగులు లెక్కపెడుతూ నడవాలి. ఆపై మొదటి దిశలోనే కుంట దాటేదాకా సాగి, ఎడమకు తిరిగి అన్నే అడుగులు వేస్తే పాత గీత మీదికి వచ్చేస్తారు. తిరుగు ప్రయాణానికి 180 కలిపితే చాలు: 60 కాస్తా 240 అవుతుంది.

మొబైల్, కత్తి, ఇనుప కంచె, వాహనం దగ్గరగా ఉంటే సూది మాట నమ్మకూడదు. పైగా సూది చూపే ఉత్తరం, మ్యాపు చెప్పే ఉత్తరం ఒకటి కావు. తెలుగు రాష్ట్రాల్లో ఈ తేడా సుమారు ఒక డిగ్రీయే, కిలోమీటరుకు 17 మీటర్లు జరుగుతారంతే. అమెరికాలోని సియాటెల్‌లో అది సుమారు 15 డిగ్రీలు. సవరించుకోకుండా నడిస్తే కిలోమీటరుకే దాదాపు 260 మీటర్లు తప్పిపోతారు. తేడా ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది కాబట్టి, మ్యాపు అంచున అచ్చయిన విలువతో పాటు అది ఏ సంవత్సరానిదో కూడా చూసుకోవాలి.