సైకిలుకు దారి ఏది?

దారి అందరిది. కాని దారిలో చోటు మాత్రము బలవంతునిది. ఉదయము బడివేళకు మన రహదారుల వెంట చూచినచో ఈ మాటలోని సత్యము బోధపడును. పుస్తకాల సంచులు తగిలించుకొనిన బాలబాలికలు తెల్లగీతకు ఆవల, మట్టి మార్జినుపై సైకిళ్లు త్రొక్కుచుందురు. అచ్చట ఒకచోట ఆగియున్న లారీ, ఒకచోట ఆరబోసిన వడ్లు, ఒకచోట కంకరకుప్ప. వానిని తప్పించుకొన తారుపైకి ఎక్కగనే వెనుక హారను మ్రోగును. ‘రోడ్డు మధ్యకేల వచ్చితివి?’ అని గద్దించువారే కాని, అంచున చోటేది అని అడుగువారు అరుదు.

ఒకప్పుడు మన పురపాలక సంఘములు సైకిలుపై ఏటేట పన్ను గైకొని రేకుబిళ్ల నిచ్చెడివి. రాత్రివేళ దీపము లేకున్న జరిమానా. ఆ విధులు అందరకును తెలిసినవే, హక్కులే మరుగుపడినవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సైకిలు మోటారు వాహనము కాదు. కావున నడుపువానికి లైసెన్సు అక్కరలేదు. అంతమాత్రమున రోడ్డుపై హక్కు లేకపోలేదు. పాదచారులు, సైకిలువారు, బాలురు, వృద్ధులు వీరి యెడల డ్రైవరు విశేషశ్రద్ధ వహింపవలెనని 2017 నాటి డ్రైవింగు నిబంధనలు విధించినవి. అనగా జాగ్రత్తభారము బలహీనునిపై మాత్రమే గాక బలవంతునిపైనను కలదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగును. వేగము రెట్టింపైనచో దాని గతిశక్తి నాలుగింతలగును. అట్టి వాహనము మోచేతి ప్రక్కగా దూసుకొనిపోయినచో, తాకకున్నను సైకిలు తూలును. అందుచేతనే ఫ్రాన్సులో సైకిలును దాటునపుడు పట్టణములలో 1 మీటరు, వెలుపల 1.5 మీటర్లు ఎడము విడువవలెనని శాసించిరి. తారుకు మట్టికి నడుమ బెత్తెడు మెట్టున్నచోట అపాయము మరింత హెచ్చు. క్రిందికి జారిన చక్రము మరల పైకెక్కబోయి అంచున కొరసికొన్నచో, పిల్లవాడు లారీవైపునకే పడును. కావున అంచునకు మరీ ఒదుగక, కొంచెము లోనికి, వంకరలు తిరుగక త్రొక్కుట క్షేమకరము.

2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ల పథకము ప్రారంభించినది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘బడికొస్తా’ పేర బాలికలకు సైకిళ్లు పంచినది. దూరాభారముచే చదువు మానవలసిన బిడ్డకు అది రెక్కలు వచ్చినట్లే. కాని సైకిలు నిచ్చిన చేయి దారిని కూడ ఈయవలదా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిలు బాటలకు ప్రమాణములు ప్రకటించినది. 2023లో హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు ప్రక్కన, సౌరఫలకముల నీడలో, 23 కిలోమీటర్ల సైకిలు బాట వెలసినది. సంకల్పమున్నచో సాధ్యమని అది చాటుచున్నది. అట్టి నీడ వ్యాయామమునకు వచ్చువారికే గాక బడికిపోవు పిల్లలకును కావలెను.

2022లో మనదేశమున రోడ్డు ప్రమాదములలో అసువులు బాసినవారు 1,68,491 మంది. ఈ లెక్కను తరగతిలో చదివి విడుచుట చాలదు. విద్యార్థులచే తాము వచ్చు దారి పటము గీయించి, అపాయస్థలములు గుర్తింపజేసి, పంచాయతికిని, రోడ్లు భవనముల శాఖకును విన్నపము వ్రాయించినచో అంతకుమించిన పౌరశాస్త్ర పాఠము లేదు. ఉదయము బడికి బయలుదేరిన బిడ్డ సాయంకాలము ఇల్లు చేరుట అదృష్టమునకు విడువదగినది కాదు, సమాజము పూచీపడవలసినది.