పరిశోధకులకుఁ బ్రవచనశిక్ష

విద్య నాలుగు కాలములయందు సార్థకమగునని పతంజలి మహాభాష్యమున వివరించెను. గురువువలన గ్రహించుట ఆగమము; తనలోఁ దాను మననము చేయుట స్వాధ్యాయము; శిష్యులకు బోధించుట ప్రవచనము; కార్యమున వినియోగించుట వ్యవహారము. డాక్టరేటు పట్టమునకు మొదటి రెండే ప్రధానముగాఁ బరీక్షింపఁబడుచు వచ్చినవి. సిద్ధాంతగ్రంథము వ్రాసినవాఁడు పాఠము చెప్పనేర్చునా యను ప్రశ్న చిరకాల ముపేక్షితమయ్యెను.

హైదరాబాదునకుఁ దూర్పున, ఉప్పలు నాచారముల చెంత, ఈ లోపము స్పష్టముగాఁ గానవచ్చును. ఉప్పలు మార్గమున 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు, 1977లో నారంభమైన కణ, అణుజీవశాస్త్ర కేంద్రమును గలవు. ఇవి ప్రధానముగాఁ బరిశోధనాలయములు, విశ్వవిద్యాలయములందువలె బి.ఏ., బి.ఎస్సీ. తరగతు లిచట లేవు. కావున యంత్రసామగ్రి సమృద్ధిగా నున్నను, పరిశోధకునికిఁ బాఠము చెప్పు నవకాశ మల్పము.

ప్రతి పరిశోధకుఁడును దన విషయమున బోధనమందును రచనమందును శిక్షణము పొందవలెనని విశ్వవిద్యాలయ గ్రాంట్సు కమిషను 2022 నాఁటి నియమావళిలో విధించినది. వారమునకు 4 మొదలు 6 గంటలవఱకు ట్యుటోరియలు, ప్రయోగశాలాకార్యము, మూల్యాంకనము నప్పగింపవచ్చుననియు నందుఁ గలదు.

అయినను గంటలు నిండినంతమాత్రమున శిక్షణము గాదు. గురువు వెనుకఁ గూర్చుండి పాఠము వినవలెను. పిదపఁ దప్పులు చూపవలెను. ఆ పాఠమునే మఱలఁ జెప్పింపవలెను. గురుకులములలో జ్యేష్ఠశిష్యులు కనిష్ఠులకుఁ బాఠము చెప్పిన పద్ధతి యిట్టిదే. విద్యార్థి ప్రశ్నకు సమాధానము తోఁపనప్పుడే పరిశోధకునికిఁ దన విషయమున మఱుఁగుపడియున్న సందేహము పొడకట్టును. కావునఁ బ్రవచనము పరిశోధనమున కంతరాయము గాదు, దానికి నికషోపలము.