ఆపరేషన్‌కి సరే... మాత్రకి మొండిచెయ్యి!

ఆరోగ్య బీమా పాలసీ కాగితాలు చాలా ఇళ్లలో బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంటాయి. తీసి చదివే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? ఆడవాళ్లం మాత్రం ఒక్కసారైనా చదవాలి. మనం నెలనెలా కొనే మందుల్లో చాలావాటికి అందులో చోటే లేదు.

హార్మోన్ మాత్రలనగానే పిల్లలు పుట్టకుండా వేసుకునేవే అనుకుంటారు. నెలసరి క్రమం తప్పినా, రక్తస్రావం ఎక్కువైనా డాక్టర్లు తరచూ రాసేది ఆ మాత్రలే. రోజూ పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర కూడా హార్మోనే. మన పాలసీల్లో ఎక్కువ భాగం ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. డే కేర్ చికిత్సలు తప్పిస్తే కనీసం 24 గంటలు అక్కడ ఉండాలి. డాక్టరుకు చూపించుకుని, మందులు రాయించుకుని ఇంటికొచ్చేస్తే ఆ ఖర్చు మనదే.

గర్భనిరోధం సంగతి ఇంకా అన్యాయం. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన మినహాయింపుల్లో 17వ నంబరు చూడండి. గర్భనిరోధక సాధనాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, సంతానలేమి చికిత్స... అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు!

మా వదినకు 42 ఏళ్లు. నెలలో పది రోజులు రక్తస్రావమే. స్కానింగ్‌లో భయపడాల్సిందేమీ లేదని తేలింది. "ముందు హార్మోన్ లూప్ పెట్టి చూద్దాం" అంది డాక్టరమ్మ. గర్భసంచిలో అమర్చే ఈ లూప్ కొద్దికొద్దిగా హార్మోన్ వదులుతూ రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. అయిదేళ్ల వరకు పనిచేస్తుంది. ఆస్పత్రిలో చేరాల్సిన పని కూడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. "లూప్‌కి రాదమ్మా, గర్భసంచి తీయించుకుంటే వస్తుంది" అన్నారు బీమా కౌంటర్లో. లూప్‌కి వేలు చేతి నుంచి పెట్టాలి, ఆపరేషన్‌కి బీమా ఉంది. "తీయించేస్తే పోలా?" అన్నాడు అన్నయ్య. వదిన మాత్రం డాక్టరమ్మ మాటే విన్నది. చీటీ పాడిన డబ్బుతో లూప్ వేయించుకుంది. చేతిలో ఆ డబ్బు లేకపోతే ఏం జరిగేదో చెప్పక్కర్లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 శాతం దాటారు. ఈ ఆపరేషన్లన్నీ అనవసరమనీ, అన్నిటికీ బీమాయే కారణమనీ నేననను. కానీ కోతకు డబ్బిచ్చి మందుకు ఇవ్వకపోతే, ఇల్లు నడిపేవాళ్ల లెక్క ఎటు మొగ్గుతుంది?

కోతతో ఖర్చు తీరిపోతుందా అంటే అదీ లేదు. అండాశయాలు కూడా తీసేస్తే ఒంట్లో హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకలు గుల్లబారతాయి. వయసు చిన్నదై, వేరే అడ్డంకులు లేకపోతే, మామూలుగా నెలసరి ఆగే వయసు దాకా హార్మోన్ మందు వాడమంటారు డాక్టర్లు. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీ డిశ్చార్జి అయ్యాక 60 రోజుల ఖర్చే ఇస్తుంది. ఆ తర్వాతి ఏళ్లన్నీ మన కొంగుముడి డబ్బులే!

అందుకే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. పాలసీ తీసుకునేటప్పుడే ఓపీ ఖర్చులు ఇస్తారా, మందులకు ఎంతవరకు ఇస్తారు అని ఏజెంటును అడగండి. మాటతో సరిపెట్టక కాగితం మీద చూపించమనండి. ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే డిస్పెన్సరీలో ఓపీ మందులూ ఇస్తారు. మాలా-ఎన్ మాత్రలు, కాపర్-టి, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, హార్మోన్ లేని ఛాయ మాత్రలు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఆశా కార్యకర్తనో అడగడానికి మొహమాటం వద్దు.

గర్భసంచి తీయాలంటే మాత్రం మరో డాక్టరు అభిప్రాయం తప్పక తీసుకోండి. మందుతో తగ్గుతుందా, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. బీమా వస్తుందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఏమంటారు?