స్కీ పలకకు తగిన బిగింపు

పల్నాటి సీమలో మంచు కురియదు. మాచర్ల, గురజాలలలో వేసవి యెండకు బండలు కాలుటయే మనమెరిగినది. అయినను నరసరావుపేట ప్రాంతమునుండి చదువులకు, ఉద్యోగములకు అమెరికా, కెనడాలకు వెళ్లి, చలికాలపు సెలవులలో స్కీ ఆట నేర్చుకొను యువకులున్నారు. మన దేశమందే గుల్మార్గులో నేర్చుకొనువారును కలరు. అద్దె సామగ్రితో రెండు మూడేండ్లు ఆడి, కొద్దిపాటి సొమ్ముతో సొంతము కొనదలచిన వారికొరకు, వారి యింటి పెద్దలకు కూడ తెలియునట్లు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

స్కీ యనగా మంచుపై జారు పొడవాటి పలక. దానికి బూటును పట్టియుంచు బిగింపును బైండింగు అందురు. దీనికి రెండు విరుద్ధమైన పనులున్నవి. ఆడుచున్నంతసేపు బూటును వదలరాదు. పడినప్పుడు ఎముక విరుగక ముందే వదలవలెను. రైతు పలుపునకు వేయు జారుముడి ఎద్దు గుంజినను ఊడదు, కొస పట్టి లాగిన ఊడును. బైండింగును అట్టి ముడియే గాని, ఇక్కడ కొస లాగుటకు ఎవ్వరును ఉండరు. స్ప్రింగే తేల్చవలెను. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన యాల్మార్ వామ్ అను క్రీడాకారుడు 1937లో కాలు విరుగగొట్టుకొన్న పిదప, పడినప్పుడు ఊడివచ్చు బైండింగును రూపొందించెను.

స్ప్రింగు బిగుతును తెలుపు అంకెకు డిన్ అని పేరు. ఆటగాని బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగు పొడవు, ఆడు తీరు చూచి పట్టికనుండి దానిని నిర్ణయింతురు. ఏబదియేండ్లు వచ్చినవారికి ఒక మెట్టు తగ్గింతురు. పెద్ద అంకె పెట్టుకొనుట గొప్పయని కొందరి భ్రమ. పల్నాటి పౌరుషమునకు ఇక్కడ పనిలేదు! తన అంకె 6 అయినవానికి 3 నుండి 10 వరకు తిరుగు సాధారణ రకము చాలును. 14, 16 వరకు పోవు ఖరీదైనవి బరువైనవారికి, పందెగాండ్రకు ఉద్దేశించినవి. డబ్బు మిగుల్చుకొనవలసినది ఇక్కడనే.

మిగుల్చుకొనరానిచోటు వేరొకటి. పాతసామాను అంగడిలో చౌకగా దొరకు బైండింగు పైకి మెరయుచుండవచ్చును. కాని తయారుచేసినవారు తమ ఆమోదపు జాబితానుండి తొలగించిన రకమును మరమ్మతుదారు సాధారణముగా ముట్టడు. బూటు అడుగు సంగతియు అట్టిదే: నడచుటకు వీలుగా వంపు తిరిగిన రబ్బరు అడుగుగల గ్రిప్‌వాక్ బూట్లు అన్ని బైండింగులలో ఇమడవు. కొనక ముందే బూటును వెంట తీసుకొనిపోయి అడుగవలెను. పలక ఊడినప్పుడు అది కొండ దిగువకు పరుగెత్తకుండ ఆపు బ్రేకు, పలక నడుముకంటె కొంచెమే వెడల్పుగా ఉండవలెను. నడుము 95 మిల్లీమీటర్లయినచో 100 మిల్లీమీటర్ల బ్రేకు సరిపోవును. బిగించుట, పరీక్షించుట మాత్రము యంత్రముగల నిపుణునిచేతనే జరుగవలెను. ఆ కూలి ఖర్చుకు వెనుదీయరాదని మా అభిప్రాయము. ఏటేట ఆట మొదలిడక ముందు మరల చూపించుట మంచిది.

ఇంత చేసినను మోకాటి లోపలి నరపు కట్టు తెగుటను సాధారణ బైండింగు పూర్తిగా ఆపజాలదు. అది ప్రధానముగా ముంగాలి ఎముకను కాపాడుటకు పుట్టినది.

ఆటమధ్యలో పలక ఊరకే ఊడిపోయినచో, వెంటనే స్క్రూ తిప్పి బిగించువారు చాలమంది. ముందుగా బూటు అడుగున మంచు గడ్డకట్టినదేమో చూడవలెను. తరచు అదియే కారణము. చేతికర్రతో గీకివేసినచో పోవును.