మల్లెపూలకి సరే, ఊరగాయకి వద్దు!

మా అత్తగారి అద్దాల బీరువాలో బరువైన గాజుపాత్ర ఒకటుంది. దొరలు ఐసుముక్కలు నింపి షాంపేన్ సీసా చల్లబరుచుకునేదట! మద్రాసు వేలంలో కొన్నారట. మా ఇంట్లో అది మల్లెపూలకి సరిపోయింది.

మొన్నామధ్య మా తోడికోడలు అందులో నిమ్మకాయ ఊరగాయ పెట్టబోతే గబుక్కున లాక్కున్నాను.

“గాజు మీద అంత ప్రేమేంది అక్కా?” అని నవ్వింది.

ప్రేమ కాదు, భయం! పాత క్రిస్టల్ మెరుపంతా సీసం చలవే. 1670ల్లో ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ మొదలుపెట్టిన పద్ధతి అది. మేలురకంలో లెడ్ ఆక్సైడ్ నూటికి 24 పాళ్లు, ఆపైనే. పులుపు నిలవుంచితే ఆ సీసం అందులోకి దిగుతుంది. పిల్లలకి మరీ ప్రమాదం.

మీ ఇంట్లోనూ ఉందా? వేలితో మీటండి. ఖంగుమని చాలాసేపు మోగితే క్రిస్టలే కావచ్చు. చెక్కుడు అంచులు పదునుగా ఉంటే చేత్తో కోసింది. నున్నగా ఉండి, అతుకుగీత కనిపిస్తే అచ్చులో పోసింది. గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డతో కడగండి. వేడి పాయసం పోయకండి, పగలొచ్చు.

హైదరాబాద్ వెళితే, 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజుసామాను తప్పక చూడండి. అంత అందానికీ మూలం ఇసుకే. మన గూడూరు పక్క చిల్లకూరు, కోటల తెల్ల ఇసుక కూడా గాజు ఫ్యాక్టరీలకే పోతోంది కదా!

అందుకే పాత గాజుని పారేయకండి. పూలు పెట్టుకోండి. ఊరగాయకి మాత్రం మన జాడీయే మేలు.